సేసర్: ధ్వనికీ ఒక లేజర్

లేజర్ కాంతికి చేసిన పనిని ధ్వనికి చేసే పరికరం సేసర్. దాని నుంచి వెలువడే ధ్వని అంతా ఒకే పౌనఃపున్యంలో ఉంటుంది. తరంగాలన్నీ ఒకే దశలో, ఒకే దిక్కుగా సాగుతాయి. పరికరం గుండా పోయేకొద్దీ బలపడతాయి. భౌతిక శాస్త్రవేత్తలు దీన్ని ఫోనాన్ లేజర్ అని కూడా అంటారు. మొదటి లేజర్ 1960లో వెలిగింది. మరుసటి ఏడాదే ధ్వనిని కూడా అదే సూత్రంతో వర్ధనం చేసి చూపిన ప్రయోగం జరిగింది. అయినా లేజర్ నేడు దుకాణంలో బిల్లు వేసే యంత్రం దాకా వచ్చేసింది. సేసర్ మాత్రం ఇంకా ప్రయోగశాల గుమ్మం దాటలేదు. ఈ తేడాకు కారణం ధ్వని స్వభావంలోనే ఉంది. సేసర్‌కు విలువ తెచ్చేది కూడా ఆ స్వభావమే.

ముందుగా, తరంగాలు ఒకే దశలో ఉండడం అంటే ఏమిటో చూడాలి. మామూలు దీపంలో కోటానుకోట్ల పరమాణువులు దేనికదే, ఎప్పుడు పడితే అప్పుడు, ఎటు పడితే అటు కాంతిని విడుస్తాయి. అది సంతలో వినిపించే గోల వంటిది. లేజర్‌లో పరమాణువులు కోలాటంలో కర్రలు పడినట్టు ఒకే తాళానికి కాంతిని విడుస్తాయి. ఇలా దశ తప్పకుండా సాగే తరంగాలను భౌతిక శాస్త్ర పాఠ్యపుస్తకాలు సంబద్ధ తరంగాలు అంటాయి.

ధ్వని విషయంలో ఒక చిత్రమైన సంగతి ఉంది. శ్రుతిదండం, వీణ తీగ, లౌడ్‌స్పీకర్ ఇచ్చే ధ్వని చాలావరకు సంబద్ధంగానే ఉంటుంది. తీగ మొత్తం, స్పీకర్ పొర మొత్తం ఒకే వస్తువుగా కంపించడమే దానికి కారణం. మరి సేసర్ అవసరం ఏమిటి? పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఈ సౌకర్యం తగ్గిపోతుంది. మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకా వింటుంది. ఆసుపత్రుల్లో స్కానింగ్‌కు వాడే అతిధ్వని సెకనుకు కొన్ని పదుల లక్షల కంపనాలు చేస్తుంది. విద్యుత్తు అందితే కంపించే పిజో విద్యుత్ స్ఫటికాలతో కొన్ని గిగాహెర్ట్జ్‌ల దాకా పోవచ్చు. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల కంపనాలు. ఆపైన వందల గిగాహెర్ట్జ్‌లలో, టెరాహెర్ట్జ్‌లలో, అంటే సెకనుకు లక్ష కోట్ల కంపనాల దగ్గర, స్ఫటికాన్ని ఆ వేగంతో ఊపగల సర్క్యూట్ తయారు చేయడం ఎంతో కష్టం. అక్కడ తేలికగా దొరికే ధ్వని జనకం వేడి ఒక్కటే. వేడెక్కిన ఘనపదార్థంలో అంత వేగంగా పరమాణువులు కంపిస్తూనే ఉంటాయి గాని, ఆ కంపనాలు దీపపు కాంతి లాగే చెల్లాచెదురుగా ఉంటాయి. ఆ చెల్లాచెదురును ఒక తాటికి తేవడమే సేసర్ పని.

ఆ పని ఎలా సాధ్యమో తెలియాలంటే ధ్వనిని క్వాంటం దృష్టితో చూడాలి. స్ఫటికంలో పరమాణువులు వరుస తప్పకుండా కూర్చుని ఉంటాయి. పక్కపక్క పరమాణువుల మధ్య బంధం ఉంటుంది గనుక ఒకటి కదిలితే ఆ కదలిక పక్కదానికి, అక్కడి నుంచి మరోదానికి పాకుతుంది. అదే ఘనపదార్థంలో ధ్వని. ఈ కంపనాల శక్తి కూడా ముక్కలు ముక్కలుగానే ఉంటుందన్న భావనను ఐన్‌స్టీన్ 1907లో ఘనపదార్థాల విశిష్టోష్ణాన్ని వివరించడానికి వాడాడు. 1912లో పీటర్ డెబై ఆ సిద్ధాంతాన్ని మెరుగుపరిచాడు. ధ్వని శక్తి ముక్కను ఒక కణంగా లెక్కించవచ్చన్న ఆలోచనకు సోవియట్ శాస్త్రవేత్త ఇగోర్ టామ్ 1930ల తొలినాళ్లలో రూపం ఇచ్చాడు. ఆ కణమే ఫోనాన్. కాంతికి ఫోటాన్ ఎలాగో ధ్వనికి ఫోనాన్ అలాగ.

ఫోటాన్, ఫోనాన్ రెండూ ఒకే కుటుంబానికి చెందినవి. 1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో ఉన్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతి కణాలను లెక్కించే కొత్త పద్ధతిని కనిపెట్టాడు. ఐన్‌స్టీన్ దాన్ని విస్తరించాడు. ఆ గణాంకాలను పాటించే కణాలన్నిటికీ బోస్ పేరు మీదనే బోసాన్లు అని పేరు వచ్చింది. ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో రెండు ఇమడవు. బోసాన్లు ఒకే స్థితిలో ఎన్నయినా ఉంటాయి. పైగా ఒక స్థితిలో ఇప్పటికే ఎక్కువ బోసాన్లు ఉంటే, కొత్తగా పుట్టే బోసాన్ అదే స్థితిలోకి చేరే అవకాశం మరింత పెరుగుతుంది. లేజర్‌కు మూలమైన గుణం ఇది. ఫోనాన్‌కు కూడా ఈ గుణం ఉంది గనుకనే సేసర్ సాధ్యమైంది.

ఐన్‌స్టీన్ 1917లో చెప్పిన ఉత్తేజిత ఉద్గారం ఈ గుణం నుంచే వస్తుంది. ఎక్కువ శక్తితో ఉన్న పరమాణువు దగ్గరికి సరైన శక్తి గల ఫోటాన్ వస్తే, పరమాణువు కింది శక్తి స్థాయికి దిగి, వచ్చినదాని వంటిదే మరో ఫోటాన్‌ను విడుస్తుంది. రెండూ ఒకే దిక్కున, ఒకే దశలో పోతాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అయితే మామూలుగా కింది స్థాయిలో ఉండే పరమాణువులే ఎక్కువ. అవి ఫోటాన్లను మింగేస్తాయి. అందుకని బయటి నుంచి శక్తి ఇచ్చి, పై స్థాయిలో ఉన్నవాటి సంఖ్య కింది స్థాయి కంటే ఎక్కువయ్యేలా చేయాలి. దీన్ని జనాభా విలోమం అంటారు. దీనికి తోడు, తరంగం మళ్లీ మళ్లీ అదే పదార్థం గుండా పోయేందుకు రెండు వైపులా అద్దాలు కావాలి. వర్ధనం చేసే పదార్థం, శక్తి అందించే ఏర్పాటు, తరంగాన్ని తిప్పి పంపే అద్దాలు: లేజర్‌కు ఈ మూడూ ఉండాలి. సేసర్‌కు కూడా ఇవే కావాలి.

ఈ సూత్రం మీద చార్లెస్ టౌన్స్ బృందం 1954లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సూక్ష్మతరంగాలను వర్ధనం చేసే మేసర్‌ను నిర్మించింది. సోవియట్ యూనియన్‌లో నికొలాయ్ బాసోవ్, అలెగ్జాండర్ ప్రొఖొరోవ్ అదే దారిలో పనిచేశారు. ముగ్గురికీ 1964లో నోబెల్ బహుమతి వచ్చింది. 1960 మే 16న అమెరికాలోని హ్యూస్ పరిశోధనశాలలో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికంతో మొదటి లేజర్‌ను వెలిగించాడు.

ధ్వనికి వచ్చేసరికి రెండు పెద్ద తేడాలు ఎదురవుతాయి. మొదటిది, ధ్వనికి పదార్థం ఉండాలి. కాంతి శూన్యంలో పోతుంది, ధ్వని పోదు. రెండోది వేగం. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు, గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకంలో ఐదు కిలోమీటర్లకు కాస్త తక్కువ పోతుంది. వేగం తక్కువైతే అదే పౌనఃపున్యానికి తరంగదైర్ఘ్యం కూడా అంతే తక్కువవుతుంది. సెకనుకు 44 వేల కోట్ల కంపనాలు, అంటే 440 గిగాహెర్ట్జ్‌లు తీసుకుంటే, శూన్యంలో ఆ విద్యుదయస్కాంత తరంగం పొడవు మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. గాలియం ఆర్సెనైడ్‌లో అదే పౌనఃపున్యం గల ధ్వని పొడవు సుమారు 11 నానోమీటర్లు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది. అంటే ఈ ధ్వని కనిపించే కాంతి కంటే నలభై, అరవై రెట్లు సన్నని వివరాలను పట్టగలదు.

ఉత్తేజిత ఉద్గారంతో ధ్వనిని వర్ధనం చేసిన తొలి ప్రయోగం 1961లో జరిగింది. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో ఇ. బి. టక్కర్ కూడా కెంపునే వాడాడు. ద్రవ హీలియం చల్లదనంలో ఉంచిన కెంపులోని క్రోమియం అయాన్లను సూక్ష్మతరంగాలతో పై శక్తి స్థాయికి ఎక్కించి, దాని గుండా సుమారు 9.3 గిగాహెర్ట్జ్‌ల అతిధ్వని స్పందనాలను పంపాడు. క్రోమియం అయాన్లు కింది స్థాయికి దిగుతూ స్ఫటికంలోకి ఫోనాన్లను విడిచాయి, స్పందనాలు బలపడ్డాయి. మేసర్‌లో సూక్ష్మతరంగం పెరిగిన తీరునే ఇక్కడ ధ్వని పెరిగింది.

అదే 1961లో బెల్ పరిశోధనశాలల్లో హట్సన్, మెక్‌ఫీ, వైట్ అనే ముగ్గురు మరో దారి చూపారు. వారు కాడ్మియం సల్ఫైడ్ స్ఫటికాన్ని తీసుకున్నారు. దానిలో ధ్వని తరంగం పోతే వెంట విద్యుత్ క్షేత్రం కూడా పోతుంది; ఆ క్షేత్రం ఎలక్ట్రాన్లను గుంపులుగా పట్టుకుంటుంది. బయటి నుంచి బలమైన వోల్టేజీ ఇచ్చి ఎలక్ట్రాన్లను స్ఫటికంలోని ధ్వని కంటే వేగంగా తోలితే, అవి తమ శక్తిని తరంగానికి ఇచ్చేస్తాయి. ఎలక్ట్రాన్లు ధ్వని కంటే నెమ్మదిగా పోయినప్పుడు తరంగం సన్నగిల్లుతుంది, వేగంగా పోయినప్పుడు బలపడుతుంది. ఈ పద్ధతిలో శక్తి స్థాయిల విలోమం అవసరం లేదు. ఈ రెండో దారి తరవాతి దశాబ్దాల్లో మరుగునపడినట్టు కనిపించినా పూర్తిగా ఆగిపోలేదు. ఇటీవల అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాలల పరిశోధకులు లిథియం నయోబేట్ మీద పలుచని ఇండియం గాలియం ఆర్సెనైడ్ పొరను అతికించి, చిప్పు ఉపరితలం మీద పాకే గిగాహెర్ట్జ్ శ్రేణి ధ్వనిని ఇదే సూత్రంతో వర్ధనం చేశారు.

టక్కర్ ప్రయోగం తరవాత టెరాహెర్ట్జ్ దగ్గరికి రావడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. దానికి మూడు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది వేడి. గది ఉష్ణోగ్రత వద్ద స్ఫటికం నిండా వేడి వల్ల పుట్టిన ఫోనాన్లే ఉంటాయి. సేసర్ పుట్టించే ఫోనాన్లు ఆ రొదలో మునిగిపోతాయి. అందుకే చాలా ప్రయోగాలు అతి శీతల ఉష్ణోగ్రతల్లో చేయవలసి వచ్చింది. రెండోది ఆయుష్షు. పౌనఃపున్యం పెరిగిన కొద్దీ ఫోనాన్ త్వరగా రెండు చిన్న ఫోనాన్లుగా విడిపోతుంది, లేదా స్ఫటికంలోని లోపాలను తాకి చెదిరిపోతుంది. వర్ధనం ఈ నష్టాన్ని మించితే గాని సేసర్ మొదలు కాదు. మూడోది అద్దాలు. పది నానోమీటర్ల తరంగాన్ని వెనక్కి పంపే అద్దం ఎక్కడికక్కడ పరమాణువుల మట్టానికి నునుపుగా ఉండాలి.

ఈ మూడో అడ్డంకిని అర్ధవాహక పరిశ్రమ తొలగించింది. 1970లో ఐబీఎమ్ సంస్థలో లియో ఎసాకి, రాఫెల్ సూ సూపర్‌లాటిస్ అనే నిర్మాణాన్ని ప్రతిపాదించారు. రెండు రకాల అర్ధవాహకాలను కొన్ని నానోమీటర్ల మందం గల పొరలుగా ఒకదాని మీద ఒకటి పదేపదే పేర్చితే వచ్చే కృత్రిమ స్ఫటికం అది. శూన్యంలో పరమాణువుల పుంజాలను పోసి పొరలను ఒక్కొక్క పరమాణు వరుసగా పెంచే పద్ధతి అభివృద్ధి చెందాక అలాంటి నిర్మాణాలు నిజంగానే తయారయ్యాయి.

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో టోనీ కెంట్ నాయకత్వంలోని బృందం, ఉక్రెయిన్‌లోని లష్కర్యోవ్ అర్ధవాహక భౌతిక శాస్త్ర సంస్థ పరిశోధకులతో కలిసి, ఈ సూపర్‌లాటిస్‌నే సేసర్‌గా మలిచే పని చేపట్టింది. గాలియం ఆర్సెనైడ్, అల్యూమినియం ఆర్సెనైడ్ పొరలను ఒకదాని తరవాత ఒకటిగా పేర్చారు. ఒక్కో జత మందం సుమారు పది నానోమీటర్లు. గాలియం ఆర్సెనైడ్ పొరల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకుని ఉంటాయి. అల్యూమినియం ఆర్సెనైడ్ పొరలు వాటి మధ్య గోడలుగా నిలుస్తాయి. ఈ దొంతరకు వోల్టేజీ ఇస్తే ఒక్కొక్క పొరలోని శక్తి స్థాయి దాని ముందరి పొర కంటే కొంచెం కిందికి దిగి, మెట్ల వరుస ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ ఒక గోడ గుండా తరవాతి పొరలోకి దూరినప్పుడల్లా ఒక మెట్టు దిగుతుంది. ఆ దిగుడులో మిగిలే శక్తిలో కొంత ఫోనాన్‌గా బయటపడుతుంది.

మెట్టు ఎత్తును వోల్టేజీతో సవరించవచ్చు. మెట్టు ఎత్తు ఫోనాన్ శక్తి కంటే ఎక్కువగా ఉండేలా చూస్తే, ఎలక్ట్రాన్ దిగుతూ ఫోనాన్‌ను విడవడం తేలిక, ఫోనాన్‌ను మింగి తిరిగి ఎక్కడం కష్టం. అంటే జనాభా విలోమం వల్ల లేజర్‌లో వచ్చే ఫలితం ఇక్కడ మెట్ల ఏర్పాటు వల్ల వచ్చింది. పైగా ఈ పొరలకు రెండో ఉపయోగం ఉంది. రెండు పదార్థాల్లో ధ్వని వేగమూ, సాంద్రతా వేరు. అందువల్ల ప్రతి సరిహద్దు దగ్గర ధ్వని కొద్దికొద్దిగా వెనక్కి తిరుగుతుంది. పొరల మందానికి తగిన తరంగదైర్ఘ్యం గల ధ్వనికి ఈ ప్రతిఫలనాలన్నీ కలిసి వస్తాయి. అలా ఒకే దొంతర వర్ధనం చేసే పదార్థంగానూ, అద్దంగానూ పనిచేస్తుంది. ఈ కూర్పు కనిపెట్టడమే నాటింగ్‌హామ్ పనిలో అసలు మేధ.

బృందం 2009లో తమ ఫలితాన్ని ప్రకటించింది. 2010లో వివరమైన పత్రం వెలువడింది. అతి స్వల్పకాలపు లేజర్ స్పందనంతో దొంతరలో సుమారు 440 గిగాహెర్ట్జ్‌ల కంపనాన్ని పుట్టించి, విద్యుత్తు పంపినప్పుడు అది ఎలా మారుతుందో కొలిచారు. కంపన పరిమితి పెరిగింది. పౌనఃపున్య పట్టీ సన్నబడింది. పట్టీ సన్నబడడం ముఖ్యమైన సాక్ష్యం. పదార్థం వేడెక్కడం వల్ల ధ్వని పెరిగి ఉంటే పట్టీ వెడల్పు కావలసింది. సన్నబడిందంటే కంపనాలు మరింత సంబద్ధంగా మారాయన్నమాట.

ఇంత వేగమైన కంపనాన్ని ఏ మైకూ అందుకోలేదు. దాన్ని కొలిచే విద్య అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 1980లలో హంఫ్రీ మేరిస్, ఆయన సహచరుల చేతిలో రూపుదిద్దుకుంది. సెకనులో లక్షకోట్ల వంతు కంటే తక్కువ కాలం ఉండే లేజర్ స్పందనం ఒకటి స్ఫటికాన్ని తడుతుంది. కొంచెం ఆలస్యంగా వచ్చే రెండో స్పందనం ఉపరితలం నుంచి ఎంత ప్రతిఫలించిందో కొలుస్తారు. ఆలస్యాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే కంపనం మొత్తం చిత్రం దొరుకుతుంది. చిప్పుల కర్మాగారాల్లో పలుచని లోహపు పొరల మందాన్ని కొలవడానికి ఈ పద్ధతి ఇప్పటికే వాడుకలో ఉంది.

కాంతితో ధ్వనిని చూడడం, ధ్వనితో కాంతిని మళ్లించడం అనే ఈ విద్యకు భారతదేశంలో పాత పునాది ఉంది. ధ్వని తరంగాలు కాంతిని చెదరగొడతాయని ఫ్రెంచి శాస్త్రవేత్త లియాన్ బ్రిల్వాఁ 1922లో ఊహించాడు. 1932లో ద్రవంలోని అతిధ్వని కాంతికి వివర్తనం కలిగిస్తుందని అమెరికాలో డెబై, సియర్స్, ఫ్రాన్స్‌లో లూకా, బికార్ ప్రయోగంతో చూపారు. ఆ వివర్తనానికి పూర్తి సిద్ధాంతాన్ని 1935, 1936లలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ నుంచి సి. వి. రామన్, ఎన్. ఎస్. నాగేంద్రనాథ్ అందించారు. రామన్ శిష్యుడైన సూరి భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉండగా, బి. రామచంద్రరావుతో కలిసి అతిధ్వనులు కాంతిని వివర్తనం చేసే తీరును చాలా ఎక్కువ పౌనఃపున్యాల దాకా పరిశీలించాడు. ఆ ఫలితం 1948లో నేచర్ పత్రికలో వెలువడింది. కాంతికీ ధ్వనికీ మధ్య శక్తి మార్పిడే నేటి ఫోనాన్ లేజర్లలో చాలా వాటికి ఆధారం.

అలాంటి వాటిలో అన్నిటికంటే చిన్నది ఒకే ఒక్క అయాన్‌తో పనిచేసింది. 2009లో జర్మనీలోని గార్షింగ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ క్వాంటం ఆప్టిక్స్ సంస్థలో థియొడోర్ హెన్ష్, థామస్ ఉడెమ్ బృందం, అమెరికాలోని కాల్‌టెక్ ఆచార్యుడు కెర్రీ వహాలాతో కలిసి ఈ ప్రయోగం చేసింది. విద్యుత్ క్షేత్రాలతో శూన్యంలో పట్టి నిలిపిన ఒక మెగ్నీషియం అయాన్ మీదికి రెండు లేజర్ పుంజాలను పంపారు. అయాన్ సహజంగా శోషించే పౌనఃపున్యం కంటే ఒకటి కొంచెం తక్కువ, మరొకటి కొంచెం ఎక్కువ. తక్కువది అయాన్ కదలికను తగ్గించి చల్లబరుస్తుంది. ఎక్కువది కదలికను పెంచుతుంది. రెండో పుంజం బలం ఒక ఆరంభ స్థాయిని దాటగానే అయాన్ వణుకు ఆగి, ఒకే పౌనఃపున్యంతో నిలకడగా ఊగసాగింది. లేజర్‌లో ఆరంభ స్థాయి దాటాక జరిగే మార్పే ఇక్కడ ఒక కణం కదలికలో కనిపించింది.

2010లో కాల్‌టెక్‌లోని వహాలా బృందమే మరో నమూనా చూపింది. రెండు సూక్ష్మ గాజు వలయాలను పక్కపక్కన ఉంచి, వాటిలో కాంతి తిరిగేలా చేసింది. వలయాల మధ్య దూరాన్ని బట్టి కాంతికి రెండు దగ్గరి శక్తి స్థాయిలు ఏర్పడతాయి. పై స్థాయిలోని ఫోటాన్ కింది స్థాయికి దిగినప్పుడు గాజు వలయం కంపించడానికి ఒక ఫోనాన్ మిగులుతుంది. 2013లో జపాన్‌లోని ఎన్‌టీటీ పరిశోధనశాలల్లో ఇమ్రాన్ మహబూబ్, హిరోషి యమగూచి బృందం కాంతి ప్రమేయమే లేకుండా, కేవలం విద్యుత్తుతో కంపించే సూక్ష్మ దూలంలో ఫోనాన్ లేజర్‌ను పనిచేయించింది. 2019లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో నిక్ వామివాకాస్ బృందం సుమారు 150 నానోమీటర్ల సిలికా గోళాన్ని లేజర్ పుంజంతో శూన్యంలో తేలించి, దాని ఊగిసలాటనే ఫోనాన్ లేజర్‌గా మార్చింది. ఈ నమూనాల్లో కొన్నిటిలో ధ్వని పుంజంగా బయటికి రాదు; కంపనం పరికరంలోనే ఉంటుంది. వర్ధనం, ఆరంభ స్థాయి, సంబద్ధత మాత్రం అన్నిటికీ ఉమ్మడి.

క్వాంటం సిద్ధాంతం అవసరం లేకుండా ధ్వని తనంతట తాను పెరిగే ఏర్పాట్లు ఇంకా పాతవి. 1850లో సోండ్‌హౌస్ ఒక కొసన గుండ్రని బుడ్డి గల గాజు గొట్టాన్ని వేడి చేస్తే అది స్వరం పలకడాన్ని అధ్యయనం చేశాడు. 1859లో డచ్చి శాస్త్రవేత్త రైకే నిలువుగా పట్టుకున్న గొట్టంలో వేడి తీగల జల్లెడ పెట్టి పెద్ద స్వరం తెప్పించాడు. కారణాన్ని 1878లో లార్డ్ రేలీ చెప్పాడు. గాలి ఒత్తుకున్నప్పుడు వేడి అందితే, పలచబడినప్పుడు వేడి తీసేస్తే కంపనం బలపడుతుంది. ఈ సూత్రంతో 1999లో లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో స్కాట్ బాక్‌హౌస్, గ్రెగ్ స్విఫ్ట్ కదిలే భాగాలు లేని వేడి యంత్రాన్ని నిర్మించారు. అది వేడిలో 30 శాతాన్ని ధ్వని శక్తిగా మార్చింది. అమెరికా తరగతి గదుల్లో పరీక్షనాళికతో చేసి చూపే ఇలాంటి చిన్న పరికరాన్ని ధ్వని లేజర్ అని పిలవడం పరిపాటి అయింది. వేడిని ధ్వనిగా మార్చి సంబద్ధ స్వరం ఇస్తుంది గనుక ఆ పేరులో కొంత న్యాయం ఉంది. ఉత్తేజిత ఉద్గారం మాత్రం అందులో లేదు.

క్వాంటం సేసర్లకూ ఈ వేడి పరికరాలకూ నడుమ మరికొన్ని ప్రయత్నాలు ఉన్నాయి. 1990లలో బెలారస్‌కు చెందిన జవ్‌త్రక్ వాయు బుడగలు నిండిన ద్రవాన్ని విద్యుత్ క్షేత్రంతో ఊపితే బుడగలు తామే గుంపులు కట్టి సంబద్ధ ధ్వనిని ఇస్తాయని సిద్ధాంతపరంగా చూపాడు. 2000ల మధ్యలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ వీవర్, ఆయన సహచరులు అల్యూమినియం దిమ్మకు విద్యుత్తుతో కంపించే చిన్న పిజో బిళ్లలను అతికించారు. దిమ్మలో తిరిగే ధ్వనికి లోబడి ఆ బిళ్లలు ఒకదానితో ఒకటి శ్రుతి కలిపాయి. లేజర్ లక్షణాలను చేతితో పట్టుకునేంత పెద్ద పరికరంలో పరిశీలించడానికి ఆ ప్రయోగం వీలు కల్పించింది.

సేసర్‌తో పొరబడే పరికరాలు కూడా ఉన్నాయి. మ్యూజియంలో ఒక చిత్రం ముందు నిలబడిన వారికే వినిపించే స్పీకర్లు అతిధ్వనిని వాడతాయి. 1963లో పీటర్ వెస్టర్‌వెల్ట్ చెప్పిన సూత్రం ప్రకారం, బలమైన రెండు అతిధ్వనులు గాలిలో కలిసినప్పుడు వాటి తేడాకు సమానమైన వినిపించే స్వరం పుడుతుంది. అతిధ్వని పుంజం సన్నగా ఉంటుంది గనుక ఆ స్వరం కూడా సన్నని దారిలోనే పోతుంది. ఓడల మీద, పోలీసు వాహనాల మీద కనిపించే దూరశ్రవణ హెచ్చరిక యంత్రాలు మరో రకం. వెడల్పాటి పలక నిండా అమర్చిన స్పీకర్లను ఒకే దశలో నడిపి ధ్వనిని ఒకవైపు కేంద్రీకరిస్తాయి. 2005లో సోమాలియా తీరం దగ్గర సీబోర్న్ స్పిరిట్ అనే ప్రయాణికుల ఓడ మీద సముద్రపు దొంగలు దాడి చేసినప్పుడు అలాంటి యంత్రాన్ని వాడారు. ఈ రెండిటిలోనూ దిశ ఉంది, బలం ఉంది. ఉత్తేజిత ఉద్గారంతో పెరిగిన ధ్వని మాత్రం కాదు.

టెరాహెర్ట్జ్ సేసర్ ఇలాంటి ఆయుధం కాజాలదు. దానికి కారణం గాలిలోనే ఉంది. గాలిలో ఒక అణువు మరో అణువును తాకేలోపు సగటున 70 నానోమీటర్ల దూరం పోతుంది. పది నానోమీటర్లకు మించని తరంగం ఏర్పడాలంటే అంతకంటే దగ్గరగా అణువులు ఒకదాన్నొకటి నెట్టాలి. గాలిలో అది జరగదు. అందుచేత ఆ ధ్వని స్ఫటికం అంచు దాటి గాలిలోకి రానే రాదు. శరీరంలోకి పంపి బొమ్మ తీద్దామన్నా కుదరదు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ కణజాలం ధ్వనిని త్వరగా మింగేస్తుంది. ఆసుపత్రి స్కానింగ్‌లో మిల్లీమీటరులో కొద్ది వంతు ఉండే తరంగాలతో సరిపెట్టుకోవడం అందుకే.

సేసర్‌కు సరైన చోటు ఘనపదార్థం లోపల. అక్కడ దాని అతి చిన్న తరంగదైర్ఘ్యం గొప్ప వరం. నేటి చిప్పుల్లో భాగాలు కొన్ని నానోమీటర్లకు కుంచించుకుపోయాయి. కాంతి ఆ వివరాలను చూడలేదు. ఎక్స్ కిరణాలు, ఎలక్ట్రాన్ పుంజాలు చూసినా నమూనాను కోయవలసి రావడమో, దానికి హాని జరగడమో ఉంటుంది. సంబద్ధ టెరాహెర్ట్జ్ ధ్వనిని లోపలికి పంపి ప్రతిధ్వనులను కొలిస్తే పొరల మధ్య అతుకులు, దాగిన పగుళ్లు కోయకుండానే తెలుసుకోవచ్చు.

రెండో ఉపయోగం కాంతినీ విద్యుత్తునూ వేగంగా అదుపు చేయడం. స్ఫటికంలో ధ్వని పోతే అక్కడి వక్రీభవన గుణకం, ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు తాళానికి అనుగుణంగా మారతాయి. ఆ మార్పుతో లేజర్ కాంతిని సెకనుకు పదుల వేల కోట్ల సార్లు తెరిచి మూయవచ్చు. టెరాహెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను పుట్టించవచ్చు. మూడోది ఫోన్లలోని వడపోత పరికరాలు. 1965లో రిచర్డ్ వైట్, వోల్ట్‌మర్ రూపొందించిన దువ్వెన ఆకారపు ఎలక్ట్రోడ్ల సాయంతో రేడియో సంకేతాన్ని ఉపరితల ధ్వనిగా మార్చి, అవసరమైన పౌనఃపున్యాన్ని ఏరి, మళ్లీ విద్యుత్తుగా మార్చే భాగాలు నేటి మొబైల్ ఫోన్లలో ఉన్నాయి. ధ్వనిని చిప్పు మీదనే పుట్టించి పెంచగలిగితే సంకేతాలను పుట్టించడం, వడగట్టడం, బలపరచడం ఒకే పలక మీద జరిగిపోతుంది. నాలుగోది కొలత. ఒకే అయాన్, తేలే గోళం వంటి ఫోనాన్ లేజర్లు అత్యంత స్వల్ప బలాలకు కూడా స్పందిస్తాయి గనుక అవి సున్నితమైన త్రాసులుగా పనికివస్తాయి.

వీటిలో ఏదీ ఇంకా విపణిలోకి సేసర్ పేరుతో రాలేదు. గది ఉష్ణోగ్రత వద్ద, విద్యుత్తుతోనే నడుస్తూ, టెరాహెర్ట్జ్ ధ్వనిని నిరంతరంగా ఇచ్చే పరికరం తయారు కావాలంటే వేడి రొద, ఫోనాన్ ఆయుష్షు అనే రెండు అడ్డంకులూ దాటాలి. పదార్థం లేనిదే కదలలేని గుణం సేసర్‌ను గాలిలోకీ ఆకాశంలోకీ రానివ్వదు. పదార్థం లోపలి నిర్మాణాన్ని నానోమీటరు మేరకు పరీక్షించే సాధనంగా దానికి విలువ తెచ్చేది కూడా అదే గుణం. సేసర్ స్థానం స్ఫటికంలోనే, చిప్పులోనే.